కీర్తనీయుని గొంతు: గురువు అప్పగించిన అమానతు



గురు నానక్ దేవ్ జీ ఊరూరా, దేశదేశాలా తిరిగినప్పుడు భాయీ మర్దానా జీ రబాబ్ పట్టుకుని వెంట నడిచారు. గురువు మాట రాగంలో ఒదిగిన శబద్‌గా లోకానికి అందింది. 1604లో గురు అర్జన్ దేవ్ జీ ఆది గ్రంథాన్ని సంకలనం చేసినప్పుడు కూడా బాణీని ప్రధానంగా రాగాల వారీగానే కూర్చారు. ఈనాడు మనం నమస్కరించే శ్రీ గురు గ్రంథ్ సాహిబ్ జీలో 1430 అంగ్‌లు, 31 ప్రధాన రాగాలు ఉన్నాయి. కనుక మన పంథ్‌లో కీర్తన పూజకు అలంకారంగా చేరింది కాదు. గురువు మన దగ్గరకు వచ్చే దారుల్లో అది ఒకటి.

ఆ దారి ఒక మనిషి గొంతులోంచి సాగుతుంది. రబాబ్ తీగ తెగితే కొత్త తీగ కట్టుకోవచ్చు. తబలా చర్మం చిరిగితే మార్చుకోవచ్చు. గొంతు పాడైతే బజారులో మరొకటి దొరకదు. అయినా మన రాగి సింగులు తబలాకు గుడ్డ కప్పి దాచినంత జాగ్రత్త కూడా తమ గొంతు విషయంలో తీసుకోవడం లేదు. గొంతు బొంగురుపోయేదాకా పాడటమే సేవ అనుకునేవారు, కీర్తన అయ్యాక మాట రాకపోతే గర్వంగా చెప్పుకునేవారు కూడా ఉన్నారు. ఇది తప్పు అభిప్రాయం. గొంతును కాపాడుకునే పద్ధతులు మన కీర్తన మర్యాదలోనే ఉన్నాయని, వాటిని మరచిపోవడం వల్లే గొంతులు చెడిపోతున్నాయని చెప్పడానికే ఈ పాఠం రాస్తున్నాము.

ఒక యువకుని అనుభవం

మేము ఎరిగిన సంగత్‌లో ఒక యువ రాగి ఉన్నాడు. పేరు అక్కరలేదు. పాతికేళ్లు దాటని వయసు, నిండైన గొంతు. గురు నానక్ దేవ్ జీ గురుపురబ్ రోజుల్లో తెల్లవారుజామున చలిలో ప్రభాత్ ఫేరీ, ఆ వెంటనే ఆసా దీ వార్, మధ్యాహ్నం దీవాన్, సాయంత్రం నగర్ కీర్తన. ఇలా వరసగా నాలుగు రోజులు పాడాడు. మూడో రోజునే గొంతు చీలింది. చప్పరించే మందు బిళ్లలు బుగ్గన పెట్టుకుని నాలుగో రోజు కూడా పాడాడు. తర్వాత వారం రోజులు మాట సరిగ్గా రాలేదు. కాస్త తేరుకోగానే పెళ్లిళ్ల కాలం వచ్చింది, ఆనంద్ కారజ్‌లు మొదలయ్యాయి. కాదంటే ఎవరేమనుకుంటారోనని అన్నిటికీ వెళ్లాడు.

వైశాఖి నాటికి పై షడ్జం అందుకోవడమే కష్టమైంది. అందుకోవడానికి మెడ నరాలు ఉబ్బేలా అరిచేవాడు. మాటల చివరలు గాలిలో కలిసిపోయేవి. ఒకరోజు కీర్తన అయ్యాక సంగత్‌లోని ఒక పెద్దావిడ అతని తల మీద చెయ్యి పెట్టి, "బేటా, ఈమధ్య నాకు శబద్ వినబడటం లేదు, నీ కష్టమే వినబడుతోంది" అన్నది. ఆ మాటతోనే అతను డాక్టరు దగ్గరకు వెళ్లాడు. స్వరతంత్రులు రెండింటి మీదా ఎదురెదురుగా చిన్న కాయలు ఉన్నాయని తేలింది. ఆపరేషన్ అవసరం పడలేదు. స్వర చికిత్స నేర్పేవారి దగ్గర అభ్యాసం చేశాడు. కొన్ని నెలలు పాట తగ్గించి, జథాలో తబలా వాయించి సేవ చేశాడు. ఈరోజు మళ్లీ కీర్తన చేస్తున్నాడు. శ్రుతి మాత్రం మునుపటికంటే రెండు మెట్లు తగ్గించుకున్నాడు. సంగత్‌కు ఇప్పుడు ప్రతి మాటా వినబడుతోంది.

ఆ పెద్దావిడ మాటలోనే ఈ పాఠం సారమంతా ఉంది. వినేవారికి శబద్ చేరకుండా గాయకుని కష్టం మాత్రమే చేరితే కీర్తన ఎక్కడో దారి తప్పిందన్నమాట.

గొంతు ఎలా పలుకుతుంది?

మెడ ముందు భాగంలో, శ్వాసనాళానికి పైన స్వరపేటిక ఉంటుంది. దానిలో అడ్డంగా రెండు మెత్తని మడతలు ఉంటాయి. వాటినే స్వరతంత్రులు అంటారు. పెద్దవారిలో కూడా వాటి పొడవు సుమారు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లే. ఊపిరి పీల్చేటప్పుడు అవి విడిపోయి గాలికి దారి ఇస్తాయి. పాడేటప్పుడు దగ్గరకు వస్తాయి. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి వాటి మధ్యగా పోతూ వాటిని కంపింపజేస్తుంది. ఆ కంపనమే నాదం. గొంతు, నోరు, ముక్కు కుహరాలు ఆ నాదానికి నిండుదనం ఇస్తాయి. నాలుక, పెదవులు దాన్ని అక్షరాలుగా మలుస్తాయి.

1854లో మాన్యువల్ గార్సియా అనే సంగీత గురువు చిన్న అద్దాల సాయంతో, సూర్యకాంతిలో తన స్వరతంత్రులు కదలడాన్ని తానే చూసుకున్నాడు. ఆ మార్గం చూపినవాడు పాట నేర్పే గురువు కావడం మనం గుర్తుంచుకోదగిన విషయం. తన పనిముట్టు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం గాయకుని ధర్మం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. హార్మోనియంలో 'కాలీ ఒకటి' అనే మెట్టే కర్ణాటక సంగీతంలో ఒకటిన్నర శ్రుతి. ఆ శ్రుతిలో పాడే పురుషుడు తారస్థాయి షడ్జం పలికినప్పుడు అతని స్వరతంత్రులు సెకనుకు దాదాపు 277 సార్లు ఒకదాన్నొకటి తాకుతాయి. సగటున సెకనుకు 200 సార్లే అనుకున్నా, అరగంట సేపు గొంతు పలికితే 3,60,000 సార్లు తాకినట్టు. మెల్లగా తాకితే ఏ హానీ లేదు, అవి అందుకోసమే ఉన్నాయి. బలవంతంగా కొట్టుకుంటే వాస్తాయి. వాచిన వాటిని విశ్రాంతి లేకుండా మళ్లీ కొట్టుకోనిస్తే, పార పట్టిన అరచేతికి కాయలు కాచినట్టు వాటికీ కాయలు కాస్తాయి. ఆ యువకునికి జరిగింది ఇదే.

మన మర్యాదలోనే ఉన్న రక్షణ

సంప్రదాయ కీర్తన చౌకీ ఎలా సాగుతుందో చూడండి. ముందు 'షాన్', అంటే వాద్యాలు మాత్రమే మోగుతాయి. తర్వాత నెమ్మదైన లయలో మంగళాచరణ్. ఆ పైన విలంబ లయలో ఒక శబద్. ఆ తర్వాతే వేగం పెరుగుతుంది, పడ్తాల్ వంటి కష్టమైన గానం వస్తుంది. చివర పౌడీతో ముగుస్తుంది. గొంతును మెల్లగా వేడెక్కించి, పైకి తీసుకువెళ్లి, మళ్లీ దించే క్రమం ఇది. ఈరోజు చాలాచోట్ల మైకు అందుకోగానే దుడుకు లయలో, పై స్థాయిలో మొదలుపెడుతున్నారు. నిద్ర లేచీ లేవగానే పరుగు పందెంలో దిగినట్టుంది మన పద్ధతి.

రెండోది రహావు. శబద్‌లో రహావు గుర్తు ఉన్న పంక్తిని స్థాయిగా తీసుకుని మళ్లీ మళ్లీ దానికే తిరిగి వస్తాము. స్థాయి సాధారణంగా మంద్ర, మధ్యమ స్థాయిల్లో నడుస్తుంది. అంతరా పైకి వెళ్లి వస్తుంది. అంటే పై స్వరాలు అప్పుడప్పుడు వెళ్లి చూసి వచ్చే చోటు, కాపురం ఉండే చోటు కాదు. రహావును కూడా తార షడ్జం దగ్గరే పట్టుకుని గంటసేపు కూర్చుంటే అర్థమూ దెబ్బ తింటుంది, గొంతూ దెబ్బ తింటుంది.

మూడోది జథా. ఇద్దరు రాగులు, ఒక తబలా లేదా జోరీ వాయించేవారు కలిసి జథా అవుతుంది. ముఖ్య రాగి ఒక పంక్తి అంటే సహాయక రాగి అందుకుంటాడు. ఆ తర్వాత సంగత్ అందుకుంటుంది. ఆ క్షణాల్లో ముఖ్య రాగి గొంతుకు విశ్రాంతి దొరుకుతుంది. ఒక్కరే అంతా పాడి, మిగిలినవారు అలంకారంగా కూర్చుంటే ఆ విశ్రాంతి పోతుంది. సంగత్ నోట శబద్ పలకాలన్న ఉద్దేశమూ పోతుంది.

నాలుగోది వంతులు. శ్రీ దర్బార్ సాహిబ్‌లో రోజంతా కీర్తన సాగుతుంది, కాని జథాలు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ ఉంటాయి. దాదాపు 48 గంటలు సాగే అఖండ్ పాఠ్‌ను కూడా పాఠీలు వంతులవారీగానే నడుపుతారు. పాఠం ఆగకూడదు, మనిషి మాత్రం ఆగి విశ్రాంతి తీసుకోవాలి. మన పెద్దలు ఈ తేడా ఎరుగుదురు.

అయిదోది, పొగాకు నిషేధం. రహిత్ మర్యాదలో ఇది నాలుగు బజ్జర్ కురహిత్‌లలో ఒకటి. పొగాకు పొగ స్వరతంత్రులను మంటపెట్టి వాపు తెస్తుంది, స్వరపేటిక క్యాన్సర్‌కు ముఖ్య కారణాల్లో ఒకటి. ఈ ఒక్క ఆజ్ఞతోనే గురువు మన గొంతుకు ఎంత మేలు చేశారో ఆలోచించండి. పక్కవారు కాల్చిన పొగ కూడా హాని చేస్తుంది కనుక అలాంటి చోట నిలబడవద్దు.

శ్రుతి ఎవరికోసం?

గొంతు చెడటానికి మేము చూసిన పెద్ద కారణం తనది కాని శ్రుతిలో పాడటం. రికార్డులో విన్న పేరున్న రాగి ఎక్కడ పాడితే అక్కడే పాడాలని మన పిల్లలు ప్రయత్నిస్తారు. శ్రుతి గొప్పతనానికి కొలబద్ద కాదు. చెప్పుల సైజు లాగా ఎవరిది వారిదే.

మీ శ్రుతి సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. శబద్‌లోని అన్నిటికంటే పై స్వరాన్ని చాలా మెల్లగా, పక్కన నిద్రపోతున్న పసిపాప లేవనంత మెత్తగా పాడండి. సాఫీగా పలికితే ఆ శ్రుతి మీదే. గట్టిగా అరిస్తేనే వస్తూ, మెల్లగా పాడితే రాకపోతే ఒక మెట్టు దించండి. మామూలుగా మెత్తగా పలికే స్వరమే ఒకరోజు గాలితో కలిసి పలికినా, ఆలస్యంగా పలికినా స్వరతంత్రులు వాచాయని అనుమానించాలి. ఆ రోజు తక్కువ పాడాలి.

స్త్రీల శ్రుతి వేరు, పురుషుల శ్రుతి వేరు. కర్ణాటక సంగీతంలో పురుషులు ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడితే, స్త్రీలు సాధారణంగా నాలుగున్నర నుంచి ఆరు మధ్యలో పాడతారు. తెలుగువారందరికీ ఈ విషయం తెలుసు. అయినా గురుద్వారాలో బీబీలను పురుషుల హార్మోనియం శ్రుతికే పాడమంటాము. అప్పుడు వారు కింద పలకలేక గొంతు నొక్కుతారు, లేదా పైకి వెళ్లి చీలుస్తారు. స్త్రీ సత్సంగ్‌లకు తమ శ్రుతిని తామే నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉండాలి.

ఇంకొక మాట. శ్రుతి సంగత్‌కు కూడా అందాలి. ముఖ్య రాగి ఎంత గొప్పగా పాడినా, వెనక కూర్చున్న తాతగారు, చిన్నపిల్ల కలిసి పాడలేకపోతే కీర్తన ప్రదర్శన అయిపోతుంది.

కూర్చోవడం, ఊపిరి, నోరు

మనం మఠం వేసుకుని కూర్చుని, ముందు హార్మోనియం పెట్టుకుని పాడతాము. ఎడమ చేయి బెల్లోస్ మీద, కుడి చేయి మెట్ల మీద. కొంతసేపటికి వీపు వంగుతుంది, గడ్డం మైకు వైపు సాగుతుంది. గడ్డం సాగితే స్వరపేటిక చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. తుంటి కింద మడతపెట్టిన దుప్పటి వేసుకుంటే వీపు దానంతట అదే నిటారుగా నిలుస్తుంది. హార్మోనియాన్ని శరీరానికి దగ్గరగా పెట్టుకోండి. మనం మైకు దగ్గరకు వెళ్లకుండా మైకునే మన నోటి దగ్గరకు తెచ్చుకోవాలి. నడుము దగ్గర నాడా, కమర్‌కస్సా మరీ బిగించవద్దు, పొట్ట కదలడానికి చోటు ఉండాలి.

ఊపిరి శబ్దం లేకుండా తీసుకోవాలి. సర్రుమని శబ్దం వస్తే గొంతు బిగిసిందని అర్థం. ఊపిరి తీసుకున్నప్పుడు భుజాలు లేవకూడదు. కింది పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి, పొట్ట కాస్త ముందుకు రావాలి. పాడేటప్పుడు ఆ గాలిని ఒక్కసారి ఖర్చు చేయకుండా, నూనె పోసినట్టు సన్నని ధారగా వదలాలి. పంక్తిలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే గుర్తు పెట్టుకోండి. మాట మధ్యలో ఊపిరి విరిగితే బాణీ విరుగుతుంది.

తెలుగు గొంతులకు ఒక ప్రత్యేక సూచన. మన భాష అజంత భాష, మాట చివర అచ్చు పలకడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. గుర్ముఖీ మాటలు చాలా హల్లుతో ముగుస్తాయి. తెలుగు లిపిలో రాసుకుని నేర్చుకున్నవారు చివర లేని అచ్చును చేర్చేస్తారు. లేదా ఆ హల్లును నొక్కి పట్టి స్వరం సాగదీస్తారు, గొంతు బిగుస్తుంది. స్వరాన్ని అచ్చు మీద సాగించి, హల్లును చివరి క్షణంలో తేలికగా ముట్టుకుని వదలండి. ఉచ్చారణ శుద్ధమవుతుంది, గొంతూ తేలికపడుతుంది. వత్తు అక్షరాలను కూడా గొంతుతో కొట్టకుండా, ఊపిరితో తేలికగా పలకాలి.

కీర్తనకు ముందు పది నిమిషాలు

అమృత వేళలో లేచిన వెంటనే స్వరతంత్రులు కాస్త ఉబ్బి, బద్ధకంగా ఉంటాయి. అందుకే ఆసా దీ వార్ సేవ ఉన్నవారు కనీసం గంట ముందు లేవాలి. స్నానం చేసి, నీళ్లు తాగి, జప్‌జీ సాహిబ్ పాఠం మామూలు మాట గొంతులో చేసుకోవాలి. జప్‌జీ సాహిబ్ రాగబద్ధం కాదు, పఠించే బాణీ. నిత్‌నేమ్‌తో మనసు సిద్ధమవుతుంది, అదే సమయంలో గొంతు కూడా మాటలతో మెల్లగా మేల్కొంటుంది. ఆ తర్వాత ఈ వరస పాటించండి.

1. భుజాలు, మెడ మెల్లగా తిప్పండి. దవడ వదులు చేయండి. ఒక నిమిషం చాలు.

2. ముక్కుతో ఊపిరి తీసుకుని 'స్' అంటూ పది లెక్కపెట్టేదాకా సమానంగా వదలండి. తర్వాత పదిహేను, ఇరవై దాకా పెంచండి. ఆయాసపడేదాకా లాగవద్దు.

3. పిల్లలు బస్సు ఆట ఆడినట్టు పెదవులను బుర్రుమనిపిస్తూ, గొంతును కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జార్చండి. రెండు నిమిషాలు చేయండి.

4. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రాను రెండు సెంటీమీటర్లు ముంచి, 'ఊ' అని పలుకుతూ బుడగలు రానివ్వండి. నోటి దగ్గర ఏర్పడే ఒత్తిడి స్వరతంత్రులు గట్టిగా కొట్టుకోకుండా ఆపుతుంది. స్వర చికిత్సలో కూడా ఈ పద్ధతి వాడతారు.

5. నోరు మూసుకుని 'మ్' అని గుంజారం చేయండి. ముక్కు, పెదవుల దగ్గర సన్నని జలదరింపు తెలియాలి.

6. చివరగా మధ్యస్థాయి షడ్జం నుంచి పంచమం దాకా 'ఆ'కారంలో సర్గమ్. తర్వాత మంద్రం, అన్నిటికంటే చివర తార షడ్జం.

కీర్తన ముగిశాక రెండు నిమిషాలు 'మ్' అంటూ పై నుంచి కిందికి దిగండి. వెంటనే జోడా ఘర్ దగ్గర నిలబడి గట్టిగా కబుర్లు చెప్పడం ఆపండి. పాటతో అలసిన గొంతుకు ఆ కబుర్లే ఎక్కువ హాని చేస్తాయి.

నీళ్లు, తిండి, నిద్ర

మింగిన నీరు స్వరతంత్రులను తాకదు. అది అన్నవాహికలోకి పోతుంది, స్వరతంత్రులు శ్వాసమార్గంలో ఉన్నాయి. నీరు ఒంటికి పట్టి, రక్తం ద్వారా చేరాలి, దానికి సమయం పడుతుంది. కనుక స్టేజి మీద గ్లాసుడు తాగితే నోరు తడుస్తుందే గాని గొంతు కరువు తీరదు. రోజంతా కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. మన ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం. ఏసీ గదిలో గాలి పొడిబారుతుంది, అక్కడ ఇంకాస్త ఎక్కువ తాగాలి. శుభ్రమైన నీటి ఆవిరి పీలిస్తే నేరుగా స్వరతంత్రులకు తేమ అందుతుంది. ఒళ్లు కాలకుండా జాగ్రత్త.

మిశ్రీ, తేనె, మిరియాలు, అతిమధురం మన ఇళ్లలో ఉన్నవే. గొంతు పైభాగానికి హాయినిస్తాయి. స్వరతంత్రుల వాపును మాత్రం అవి తీసెయ్యలేవు. బీపీ ఉన్నవారు అతిమధురం ఎక్కువ వాడకూడదు. మెంథాల్ బిళ్లలు నొప్పి తెలియకుండా చేస్తాయి, నొప్పి తెలియకపోతే ఎక్కువ పాడి ఎక్కువ గాయం చేసుకుంటాము.

రైన్ సబాయీ కీర్తన అయ్యాక అర్ధరాత్రి లంగర్ చేసి వెంటనే నడుం వాల్చడం మనలో మామూలు. పడుకోగానే కడుపులోని పులుపు పైకి ఎగదన్ని స్వరపేటికను మంటపెడుతుంది. తెల్లవారి గొంతు బరువుగా ఉండటం, మాటిమాటికీ సకిలించాలనిపించడం దాని గుర్తులు. తిండికి, పడకకు మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. అలాంటి రాత్రి ఉందని ముందే తెలిస్తే లంగర్ సాయంత్రమే చేయండి.

గొంతు సకిలించడం అంటే స్వరతంత్రులను ఒకదానితో ఒకటి గట్టిగా కొట్టడమే. అలా అనిపించినప్పుడు ఒక గుక్క నీళ్లు తాగండి లేదా గుటక వేయండి. గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసలాడటం విశ్రాంతి కాదు, చాలామందిలో అది గొంతును ఇంకా బిగిస్తుంది. అసలు మాట్లాడకపోవడమే విశ్రాంతి. మౌనంగా సిమ్రన్ చేసుకోవడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది?

పిల్లల విషయం

పన్నెండు పదిహేనేళ్ల మధ్య మగపిల్లల స్వరపేటిక త్వరగా పెరుగుతుంది, గొంతు సుమారు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆ రోజుల్లో గొంతు కీచుమంటుంది, చీలుతుంది. అది లోపం కాదు. అప్పుడు పిల్లవాణ్ని నలుగురిలో నవ్వులపాలు చేయవద్దు, పాత శ్రుతిలోనే పాడమని బలవంతపెట్టవద్దు. పాట పూర్తిగా మాన్పించనూ అక్కరలేదు. పలికే నాలుగైదు స్వరాల్లోనే మెల్లగా పాడిస్తూ, ఆ ఏడాది తబలా, దిల్‌రుబా, రబాబ్ నేర్పించండి. చిన్నప్పుడు పెద్ద స్టేజిల మీద మెరిసి, పద్దెనిమిదేళ్లకు గొంతు పోగొట్టుకుని గురుద్వారాకే దూరమైన పిల్లలు ఉన్నారు. వారి చప్పట్లలో మన చప్పట్లూ ఉన్నాయని మరువవద్దు.

ఎప్పుడు డాక్టరును చూడాలి?

గొంతు బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పాడుతూ ఉండగా గొంతు ఒక్కసారిగా పోతే ఆ క్షణమే ఆపి, మాట కూడా మాని, వెంటనే చూపించుకోవాలి. స్వరతంత్రిలో రక్తం చిమ్మి ఉండవచ్చు. ఊపిరి ఆడకపోవడం, మింగలేకపోవడం, దగ్గులో రక్తం, మెడలో గడ్డ కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. మొదట్లోనే చూపించుకున్న కాయలు చాలావరకు స్వర చికిత్సతో, అలవాట్ల మార్పుతో తగ్గుతాయి. డాక్టరు దగ్గరకు వెళ్లడం అర్దాస్ మీద నమ్మకం లేకపోవడం కాదు. గురు అర్జన్ దేవ్ జీ తరన్ తారన్‌లో కుష్ఠు రోగులకు సేవ ఏర్పాటు చేశారు, గురు హర్ రాయ్ జీ కీరత్‌పూర్‌లో ఔషధశాల నడిపారు. మందు, అర్దాస్ మన చరిత్రలో కలిసే నడిచాయి.

ప్రబంధక్ కమిటీలకు విన్నపం

చుట్టూ హోరు ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. నగర్ కీర్తనలో డోళ్లు, వాహనాలు, లౌడ్ స్పీకర్ల మధ్య మన రాగులు చేసేది అదే. రాగికి తన గొంతు తనకు వినబడేలా చిన్న స్పీకరు ఒకటి అతని వైపు తిప్పి పెట్టండి. తబలా, హార్మోనియం మైకుల శబ్దం తగ్గించండి. ఒకే జథాకు ఒకే రోజు మూడు నాలుగు సేవలు వేయవద్దు. గురుపురబ్‌కు ముందే రెండో జథాను, సంగత్‌లోని పిల్లలను సిద్ధం చేయండి. సమయం అయ్యాక "ఇంకొక్క శబద్" అని చీటీ పంపవద్దు. జలుబుతో ఉన్న రాగి "ఈరోజు వద్దు" అంటే అతని భేటా తగ్గించవద్దు. జీవనాధారం పోతుందన్న భయంతోనే చాలామంది గొంతు బాధ దాచుకుంటున్నారు.

చివరి మాట

గురు అర్జన్ దేవ్ జీ కాలంలో రబాబీలు సత్తా, బల్వంద్ అలిగి కీర్తన మానేశారని, తమ పాట లేకపోతే దర్బారుకు శోభ ఉండదనుకున్నారని మన సాంప్రదాయిక చరిత్ర చెబుతుంది. అప్పుడు గురువు గారు కీర్తన చేయమని సిక్కులకే చెప్పారు. మామూలు సిక్కుల గొంతుల్లో కీర్తన ఆగకుండా సాగింది. తర్వాత ఆ ఇద్దరూ పశ్చాత్తాపపడ్డారు, గురువు క్షమించారు. వారి వార్ నేటికీ శ్రీ గురు గ్రంథ్ సాహిబ్ జీలో రామ్‌కలీ రాగంలో ఉంది.

నేను లేకపోతే కీర్తన ఆగిపోతుందని గొంతు చించుకునే రాగికీ ఈ కథ వర్తిస్తుంది. కీర్తన ఆగదు. మీ పక్కవాడు అందుకుంటాడు, సంగత్ అందుకుంటుంది. కనుక అలసినప్పుడు వంతు వదులుకోవడం సేవ మానడం కాదు, అహం వదులుకోవడం. గొంతు మన సొత్తు కాదు, గురువు మనకు నమ్మి అప్పగించిన అమానతు. అప్పగించినవారికి దాన్ని చెడకుండా చూపగలగాలి. అరవై ఏళ్ల వయసులో కూడా అమృత వేళ కూర్చుని, వణకని గొంతుతో సంగత్‌కు శబద్ అందించగలిగితే అదే మన గానానికి గెలుపు.

ఈ పాఠంలో పొరపాట్లు ఉంటే సంగత్ మన్నించి తెలియజేయాలని కోరుతున్నాము.

అభ్యాస ప్రశ్నలు

1. సంప్రదాయ కీర్తన చౌకీ క్రమం గొంతును ఎలా కాపాడుతుంది?

2. ఒక శ్రుతి మీకు సరిపోతుందో లేదో ఎలా పరీక్షించుకుంటారు?

3. స్టేజి మీద తాగిన నీరు వెంటనే స్వరతంత్రులకు ఎందుకు చేరదు?

4. ఏ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం లేకుండా డాక్టరును చూడాలి?

5. గొంతు మారే వయసులో ఉన్న పిల్లవానికి మీ గురుద్వారాలో ఏ సేవ ఇస్తారు?

6. సత్తా, బల్వంద్‌ల కథ నుంచి నేటి రాగి నేర్చుకోవలసింది ఏమిటి?

వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతే.